ఆళ్లగడ్డ యువతకు తగిన నవలలు

ఏ వయసులో ఎవరు ఏ నవల చదవాలో, ఆ చదివేవాళ్లకు తప్ప లోకంలో అందరికీ తెలుసు. ఈ సత్యాన్ని 1983లో పెద్దలు గుర్తించి, నంద్యాలలో ఒక బియ్యం మిల్లు మేడమీద యువపఠన సిఫారసు విభాగాన్ని తెరిచారు. (కింద బియ్యంలో రాళ్లు ఏరేవారు, పైన నవలల్లో.)

ఆ విభాగం మొదటి ఉత్తర్వు ఆళ్లగడ్డ శాఖా గ్రంథాలయానికి చేరిన రోజు గ్రంథపాలకురాలు లూదియా నిజంగానే సంతోషించింది. పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లలకు నచ్చే నవలలు, రకానికొకటి చొప్పున పది రకాలు సూచించమన్నారు. పదకొండేళ్లుగా ఆ కుర్చీలో కూర్చున్న లూదియాను ఏ పుస్తకం బాగుంటుందని అడిగిన మొదటి కాగితం అది. అంతవరకు జనం అడిగిందల్లా పేపరు వచ్చిందా, ఫ్యాను ఎందుకు తిరగడం లేదు అనే. ఆమోదం వచ్చేదాకా ఆ వయసువారికి ఏ నవలా ఇవ్వరాదని ఉత్తర్వు చివర చిన్న అక్షరాల్లో ఉంది.

చదివే మనిషి మాత్రం సిద్ధంగానే ఉంది. నల్లమల చెంచుగూడెం నుంచి వచ్చి హాస్టల్లో తొమ్మిదో తరగతి చదువుతున్న శివమ్మ, పాఠాలన్నీ అవగొట్టి, క్యాలెండరు వెనక ఉన్న రాహుకాలాల పట్టిక కూడా చదివేసింది.

"అక్కా, దయ్యాలదైనా సరే, దొంగలదైనా సరే, కత ఇయ్యి. అన్నీ ఒగటే రకం వద్దు. వచ్చేవారం సెలవులు. గూడేనికి పోతే రెండు నెలలు చదివేకి ఏమీ ఉండదు," అంది.

"ఇస్తా గానీ, నంద్యాల నుంచి సరే అని రావల్ల. నేనే పోతాండా," అంది లూదియా.

మూడు రోజులు అల్మారాలు వెతికి, పది నవలలు మూటగట్టి బస్సెక్కింది. విభాగాధికారి సంజీవయ్య మంచివాడు. ఆ ఉద్యోగానికి ఆయన్ను ఎంచుకోవడానికి కారణం, నవలల విషయంలో ఎలాంటి పక్షపాతమూ లేకపోవడం. (ఒక్కటీ చదవలేదు.)

"ఏందమ్మా, దీంట్లో హత్య ఉండాది?"

"డిటెక్టివు నవల సార్. హత్య లేకుంటే ఎట్లా?"

"హత్య ఉండనీ. హంతకుడెవరో మొదటి పేజీలోనే చెప్పల్ల. పిల్లోళ్లు ఊరికే అందర్నీ అనుమానించకూడదు గదా. ఏడో నియమం."

దయ్యం నవలకు, ఆ దయ్యం ఏ తాలూకాదో ధ్రువపత్రం లేదు. సాహస నవలలో కుర్రవాడు నది దాటాడు గానీ ఈత వచ్చినట్టు రుజువు లేదు. హాస్య నవలను సంజీవయ్య అక్కడే నాలుగు పేజీలు తిప్పి, నవ్వు రానందున విషాదం కింద పరిశీలిస్తామన్నాడు. ప్రేమ నవల దగ్గర కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"పిల్లా పిలగాడూ, ఇద్దరి పెద్దోళ్ల సంతకాలు కావల్ల."

"వాళ్లు నవల్లో మనుషులు సార్!"

"అయితే నవల్లో ఉండే పెద్దోళ్లతోనే పెట్టిచ్చు."

చివరిది లూదియా ప్రత్యేకంగా శివమ్మ కోసం ఏరింది. కొండచరియల్లో తేనె దించే ఒక అడవిపిల్ల కథ. సంజీవయ్య దాన్ని దూరంగా జరిపాడు.

"అడవిలోంచి కలపైనా, తేనైనా, కతైనా, పర్మిట్టు లేకుండా బయటికి రాకూడదమ్మా."

"ఒగ పిల్ల కాసుకోనుంది సార్. సెలవులకు పోతాది."

"కాసుకోనీ. యవ్వనంలో కాకుంటే ఇంకెప్పుడు కాసుకుంటారు?"

లూదియాకు ఏడుపు రాలేదు గానీ మూట మాత్రం వచ్చినప్పటికంటే బరువెక్కింది.

ఐదో రోజున ఆమోదిత జాబితా వచ్చింది. పది రకాలకూ ఒకటే గ్రంథం: "పత్తిపంటను పట్టి పీడించు పురుగులు". కాయలో దూరి గింజను చంపే హంతకుడి బొమ్మ అట్టమీదే ఉంది గనుక నేరపరిశోధన. తెల్లదోమ తెల్లగా ఉండి గాలిలో తిరుగుతుంది గనుక దయ్యం. సంకర విత్తనాల అధ్యాయం, పెద్దల సమక్షంలో జరిగింది గనుక, ప్రేమ. పురికొసతో కట్టిన నూటయాభై ప్రతులు ఆ వెంటే దిగాయి.

ట్రంకుపెట్టెతో వచ్చిన శివమ్మ అట్ట చూసి, "ఇది నాకేలక్కా? మా గూడెంలో పత్తే ల్యా," అంది. బస్సు పది నిమిషాల్లో ఉంది.

లూదియా తేనె నవల తీసి పిల్ల చేతిలో పెట్టింది. రిజిస్టరులో "శివమ్మ, పత్తి పురుగులు" అని గుండ్రంగా రాసింది. ఆదివారం చర్చిలో కూర్చుని పది ఆజ్ఞలూ మనసులో తిప్పి చూసుకుని, రిజిస్టర్ల ప్రస్తావన ఎక్కడా లేదని స్థిమితపడింది.

సెలవులయ్యాక శివమ్మ తిరిగొచ్చింది.

"తేనె దించేకి తాడు కట్టేది అట్ల కాదక్కా, రాసినాయప్పకు తెలీదు. అయినా బాగుండాది. మా అవ్వ మూడుమాట్లు చదివిచ్చుకునింది. మూడోసారి తాడు కాడ అవ్వే కత మార్చి చెప్పింది."

ఆ మర్నాటి నుంచి హాస్టలంతా దిగింది. "అక్కా, దయ్యం పురుగు ఉందా?", "నాకు ప్రేమ పురుగు, బేగా ఇయ్యక్కా, వార్డెనమ్మ వస్తాది." ఏడాది తిరిగేసరికి రిజిస్టరులో నాలుగు వందల పన్నెండు పత్తి పురుగులు చేరాయి.

లెక్క చూసి సంజీవయ్య స్వయంగా వచ్చాడు. లూదియాకు దండ వేసి, ఉత్తర్వు చదివాడు. ఆళ్లగడ్డ యువతకు నవలల మీద ఏమాత్రం ఆసక్తి లేదని అంకెలతో రుజువైనందున, నవలలన్నీ సోమవారం పాత కాగితాల తూకానికి వేయాలట.

"సార్, చదివేవాళ్లు ఉండారు సార్."

"ఉంటే రిజిస్టర్లో ఉండరా తల్లీ?" అన్నాడు సంజీవయ్య జాలిగా.

ఆదివారం లూదియా ఆరాధన అయ్యీ కాకముందే గ్రంథాలయం తలుపు తీసింది. పిల్లలు వరసగా వచ్చి, అడిగినవన్నీ తీసుకుపోయారు. శివమ్మ రెండు చేతుల్లో పట్టినన్ని పట్టుకుపోయింది.

సోమవారం వచ్చిన తూకం మనిషికి అల్మారాల్లో నవల ఒక్కటీ కనిపించలేదు. ఉన్నదే తూచమంది లూదియా. ఆ ఏడు ఆళ్లగడ్డ యువత అత్యధికంగా చదివిన పుస్తకం, పురికొస కూడా విప్పకుండా, పద్దెనిమిది కిలోలు తూగింది.