రాగి గిన్నెలో మడ్డి

పదకొండింటికి స్కూళ్ల ఇన్‌స్పెక్టరు వచ్చేలోపు రాగి పలకని నీలిరంగు మైలుతుత్తం నీళ్ల గిన్నెలో, జింకు పలకని జింకు సల్ఫేటు నీళ్ల గిన్నెలో నిలిపి సెల్లు అమర్చి, మీటరు ముల్లుని ఒకటీ పాయింటు ఒకటి వోల్టు దగ్గర నిలబెట్టాలన్నది కెమిస్ట్రీ మేడమ్ ఏర్పాటు. ముల్లు బుద్ధిగా అక్కడే నిలిచింది. అదే బడిలో ఫిజిక్స్ చెప్పే బావగారు, అంటే ఆమె భర్తకు అన్న, గుమ్మంలోంచి చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఏమీ అనకపోవడమే ఆమెకు అనుమానంగా తోచింది.

కరెంటు బాగా సాగాలని సోడియం సల్ఫేటు సీసాలోంచి రెండు చెంచాలు రాగి గిన్నెలో వేసి, ఆమె సుద్దముక్కల కోసం వెళ్లింది. తిరిగి వచ్చేసరికి ముల్లు పాయింటు ఎనిమిదికి దిగిపోయింది. నీలిరంగు వెలిసిపోయి, గిన్నె అడుగున పచ్చటి మడ్డి చేరింది.

"ఎవరొచ్చారు?" అని అటెండరుని నిలదీసింది.

"ఫిజిక్స్ సారు వచ్చారమ్మా. వైరుముక్క పట్టుకెళ్లారు."

ఇంకేం కావాలి? సెల్లు పాడుచేసింది బావగారేనని, వచ్చిన సమయం, చూసిన సాక్షి, తనమీద ఆయనకున్న పాత అసూయ, అన్నీ పూసగుచ్చినట్టు రాసి, సంతకం చేసి, ఫిర్యాదు హెడ్‌మిస్ట్రెస్ చేతిలో పెట్టింది. తిరిగొచ్చి, రెండు గిన్నెలూ సమానమైతే సర్దుకుంటుందేమోనని జింకు గిన్నెలోనూ అదే పొడి వేసింది. అక్కడ తెల్లటి మడ్డి దిగింది. ముల్లు మళ్లీ ఎక్కసాగింది. అవతలి గదిలోంచి బావగారు ఏదో తిప్పుతున్నాడని గోడకు చెవి ఆనించి వింది. ఏమీ వినబడలేదు.

సీసా బీరువాలో దాచబోతూ ఆమె చీటీ చూసి నాలుక కరుచుకుంది. ఎవరో పొడులు కాజేస్తున్నారన్న అనుమానంతో, దొంగని బోల్తా కొట్టించడానికి, సోడియం సల్ఫేటు చీటీని కలిపితే మడ్డి దించే చాకలిసోడా సీసాకి నిన్న మార్చి అంటించింది తనే.

ఫిర్యాదు వెనక్కి తెచ్చుకుందామని బయల్దేరేసరికి ఇన్‌స్పెక్టరే ఎదురొచ్చాడు. వెనక హెడ్‌మిస్ట్రెస్, ఆవిడ వెనక బావగారు. మేడమ్ నీళ్లు నములుతూ జరిగింది చెప్పింది, పొడి ఎవరు వేశారన్నది తప్ప. ఇన్‌స్పెక్టరు రెండు గిన్నెల్లోకీ వంగి చూశాడు.

"రాగి మడ్డిగా దిగితే వోల్టేజీ తగ్గింది. జింకు దిగితే పెరిగింది. అవక్షేపం సంగతి ఇంత తేటగా చూపించినవాళ్లు లేరు. ఎవరు చేశారిది?"

హెడ్‌మిస్ట్రెస్ ఫిర్యాదు కాగితం అందించింది.

"నాకేం తెలీదండీ," అన్నాడు బావగారు. ఇన్‌స్పెక్టరుకి ఆ వినయం కూడా నచ్చింది.

"చేసింది నేనండీ," అంది మేడమ్.

ముగ్గురూ ఆమెని జాలిగా చూశారు.

ప్రశంసాపత్రం బావగారి పేరనే వచ్చింది. ఫిర్యాదులో ఆమె చూపించిన సాక్ష్యాల్లో ఎవరికీ ఏ లోపమూ కనబడలేదు.