వారంటీ మర్నాడు డ్యూటీలో చేరిన మనిషి

వారంటీ ముగిసిన మర్నాడు పొద్దున్నే కారు బానెట్ ఎత్తిన ఇందుమతికి, బ్యాటరీకీ రేడియేటర్‌కీ మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని స్పానర్‌తో బోల్టు విప్పుతున్న మనిషి కనిపించాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, ఒళ్లో టిఫిన్ క్యారియర్.

"ఒక్క నిమిషమండి. ఇదొక్కటీ వదులైతే మూసేసుకోవచ్చు," అన్నాడు తలెత్తకుండా.

ఇందుమతి భీమవరంలో ఆడవాళ్ళకి డ్రైవింగ్ నేర్పుతుంది. ఉన్నది ఒకటే కారు. దాని బానెట్ కింద ఎలకల్ని చూసింది, ఒకసారి పిల్లి పెట్టిన పిల్లల్నీ చూసింది. ఎలకలు రాకుండా పొగాకు మూట కూడా వేలాడదీసింది. ఆ మూటని ఈ మనిషి తలకి తగలకుండా పక్కకి కట్టుకున్నాడు. మెడలో కార్డు మీద సుగమ మోటార్స్ అని, దాని కింద పి. నీలాద్రి అని, ఆ కింద 'హోదా: రెండో తరగతి లోపం' అని ఉంది.

అరుద్దామనే అనుకుంది. పనిలో ఉన్న మనిషి మీద అరవడం బాగుండదనిపించింది.

"కాఫీ తాగుతారా?" అంది. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

"పంచదార తక్కువండి," అన్నాడు నీలాద్రి.

ఆయన గ్లాసు తిరిగిచ్చాక ఆమె కారుని సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళింది. మూడో గేరు పడలేదు. అక్కడి అడ్వైజర్ హరనాథ్ బానెట్‌లోకి తొంగి చూసి నమస్కారం పెట్టాడు.

"నీలాద్రి గారాండీ! మీరు అదృష్టవంతులండి మేడమ్. మా వాళ్ళల్లో నెమ్మదైన మనిషి."

"బానెట్‌లో మనిషుంటే అదృష్టమేంటండీ?"

"నిన్నటిదాకా వారంటీ కదండీ, ఆయన వెయిటింగ్‌లో ఉన్నారు. ఇవాళ చేరారు. అన్ని కార్లకీ ఎవరో ఒకరు చేరతారండి."

"తీసెయ్యండి."

హరనాథ్ కంప్యూటర్‌లో చూశాడు. నీలాద్రి కంపెనీ ఒరిజినల్ పార్టు. తీసేస్తే ఆ చోటు ఖాళీగా ఉంచకూడదు, ఇంకొకరిని బిగించాలి. ఆ ఇంకొకరి ధర, బిగించే కూలీ, పన్ను, అన్నీ ఇందుమతివే. "పైగా ఇప్పుడు స్టాకులో ఉన్నోడు కుర్రోడండి. చెయ్యి దురుసు. ఏకంగా ఇంజన్‌తోనే మొదలెడతాడు."

అంత మనిషి అందులో ఎలా పట్టాడని ఆమె అడిగింది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"అందుకే గదండీ ఈ మోడల్‌లో బానెట్ కొంచెం పొడుగు పెట్టారు," అన్నాడు హరనాథ్.

ఇంటికొచ్చి కంపెనీ హెడ్డాఫీసుకి ఫోన్ చేసింది. అవతల అమ్మాయి ఓపిగ్గా అంతా వింది. ఫిర్యాదు నమోదైందనీ, విషయం బాగా తెలిసిన ఉద్యోగికే ఇప్పుడే కలుపుతున్నామనీ చెప్పింది. కాసేపు సంగీతం వినిపించింది. తర్వాత వాకిట్లో, బానెట్ కింద ఫోన్ మోగింది.

"నమస్కారమండి, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం," అంది నీలాద్రి గొంతు, ఫోన్‌లోంచీ వాకిట్లోంచీ ఒకేసారి. "సమస్య ఏంటండీ?"

"మీరేనండీ."

"రాసుకున్నానండి. ఇంకేమైనా సాయం కావాలా?"

ఆ సాయంత్రానికి ఫిర్యాదు పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది.

నీలాద్రి పొద్దున్న బస్సులో వచ్చేవాడు, సాయంత్రం దిగి చేతులు కడుక్కుని బస్సులోనే వెళ్ళేవాడు. ఆదివారం సెలవు. ఆదివారాలు కారు చక్కగా నడిచేది. మిగతా రోజుల్లో ఒకసారి ఏసీ, ఒకసారి అద్దం మోటారు, ఒకసారి స్టీరింగ్. ప్రతిదానికీ బిల్లు. నేర్చుకోవడానికొచ్చే ఆడవాళ్ళు మొదట్లో కొంగు సర్దుకుని చూశారు, తర్వాత అలవాటుపడ్డారు. క్లచ్ మీద కాలు పెట్టేముందు "లోపలున్నారాండీ?" అని అడగడం కూడా పాఠంలో భాగమైపోయింది.

వాళ్ళలో మంగతాయారు ఒకతె. రొయ్యల ఫ్యాక్టరీలో ఐసు మధ్య నిలబడి పొట్టు తీసీ తీసీ వేళ్ళు పగిలిపోయిన మనిషి. అదే ఫ్యాక్టరీలో ఆడకూలీల్ని తెచ్చే వ్యానుకి డ్రైవరు కావాలన్నారు. సోమవారం లైసెన్సు టెస్టు పాసైతే ఆ ఉద్యోగం ఆమెది. లేకపోతే వేరేవాళ్ళని పెట్టుకుంటారు.

శనివారం ఆమె వేడి పెసరట్టు తెచ్చి బానెట్ ఎత్తింది.

"అన్నయ్యా, సోమవారం ఒక్కపూట చేతులు కట్టుకు కూర్చో. నీకు దణ్ణం పెడతాను."

"చూద్దామమ్మా."

"చూద్దామంటే చేత్తాననా, చెయ్యననా? సరిగ్గా చెప్పు. రెండో అట్టు ఇంకా నా చేతిలోనే ఉంది."

"చూద్దామనేనమ్మా," అన్నాడు నీలాద్రి, అట్టుకేసి చూస్తూ. ఆమె నవ్వేసి రెండోదీ ఇచ్చింది.

సోమవారం పొద్దున్నే నీలాద్రికి ఇంకో పెసరట్టు పెట్టి, టెస్టు ట్రాక్ మీద మంగతాయారు కారుని ఎనిమిది అంకె చుట్టూ దారం చుట్టినట్టు తిప్పింది. రివర్స్ చూసి ఇన్‌స్పెక్టర్ తల ఊపాడు. ఇక ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా ఎక్కించడం ఒక్కటే మిగిలింది. అక్కడ ఇంజన్ ఆగిపోయింది. మళ్ళీ స్టార్టవలేదు.

"ఆవిడ తప్పు కాదండి, లోపలాయన..." అంటూ ఇందుమతి పరిగెత్తింది.

"తెలుసమ్మా. మా ఆఫీసు జీపులో ఉన్నాయన ఈయనకి సీనియరు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "కానీ ఫెయిల్ చేస్తే మనిషినే చెయ్యాలి. కారుని ఫెయిల్ చెయ్యడానికి మా ఫారంలో కాలమ్ లేదు."

మంగతాయారు షిఫ్టుకి ఆలస్యమవుతోందని చెప్పి, చెప్పులు తొడుక్కుని ఆటో కోసం రోడ్డు మీదికి నడిచింది.

ఇందుమతి బానెట్ ఎత్తింది. కొట్టాలని కాదు. ఇన్నాళ్ళుగా ఆమెని తొలుస్తున్నది ఒకటే.

"అసలెందుకు చేస్తారండీ ఈ పని?"

నీలాద్రి స్పానర్ పక్కన పెట్టాడు. ఇంతవరకూ ఆ మాట ఆయన్నెవరూ అడిగినట్టు లేదు.

"నేనే విప్పానండి. ఆవిడ పెట్టిన అట్టు అరక్కముందే విప్పాను. విప్పినదాన్ని బట్టే మాకు జీతం. ఇంట్లో నాదీ సుగమ కారేనండి, స్టాఫ్ అని తగ్గించి ఇచ్చారు. దాని వారంటీ అయిపోయాక రవణమ్మ గారని ఒకావిడ చేరింది. ఆవిడ విప్పినప్పుడల్లా నాకు బిల్లు. ఆ బిల్లు కట్టాలంటే నేనిక్కడ విప్పాలి. ఆవిణ్ణి తిట్టలేనండి, ఆవిడ కారులో ఇంకెవరో ఉన్నారు. ఆయన కారులో ఇంకొకరు. ఒకసారి అందరం ఫోన్లలో అనుకున్నాం. ఒక్కరోజు ఎవ్వరం దేన్నీ ముట్టుకోవద్దు, ఎవరికీ బిల్లు రాదు, మర్నాటి నుంచి ఈ పనే అక్కర్లేదు అని. నేను మాట నిలబెట్టుకున్నానండి. రోజంతా స్పానర్ బయటికి తియ్యలేదు. సాయంత్రం ఇంటికెళ్ళి తాళం తిప్పితే నా కారు స్టార్టవలేదు. ఇదేంటమ్మా అని రవణమ్మ గారిని అడిగాను. మీరు ఆగుతారని నమ్మకం కుదర్లేదు బాబూ అంది. నాకు కోపం కూడా రాలేదండి. మర్నాడొచ్చి మీ కారులో రెండు విప్పాను."