అమ్మకు స్పెల్లింగులు రావు

సోమవారం పొద్దున ఆ ఇల్లాలు వేసుకున్న పథకం చాలా మామూలుది. బడి బస్సు వచ్చేలోపు నాలుగో తరగతి చదువుతున్న కూతురు బుల్లి చేత నాలుగు ఇంగ్లీషు మాటలు రాయించాలి, అంతే.

క్రితం వారం పరీక్షలో బహువచనాలు రాయమంటే బుల్లి ప్రతి మాటకూ గుడ్డిగా ఒక ఎస్ తగిలించేసి, తప్పి వచ్చింది. శుక్రవారం మళ్లీ పరీక్ష. అందులోనూ తప్పితే నెలంతా ఆటల పీరియడ్‌లో కూర్చుని స్పెల్లింగులు రాసుకోవాలి. రిలే పరుగు జట్టులోంచి పేరు కొట్టేస్తారు. బుల్లికి పరుగంటే ప్రాణం.

ఇల్లాలు ఇంగ్లీషులో ఎమ్మే. హోటల్ మెనూ కార్డులో అక్షరం తప్పు కనిపిస్తే ఆమెకు ముద్ద దిగదు. అందుకేనేమో, ఆవిడ పాఠం మొదలుపెట్టిన కాసేపటికే బుల్లి కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

"చివర వై ఉంటే దాని ముందేముందో చూడమన్నానా? అచ్చా, హల్లా?"

"చూశానమ్మా."

"చూస్తే బేబీకి ఒట్టి ఎస్ పెట్టావేమే?"

"బేబీ చిన్నది కదా, ఒక్కక్షరం చాలనుకున్నా."

ఇక గొంతు పెంచి లాభం లేదని ఇల్లాలికి అర్థమైంది. తన చేతిలోని స్కేలు కూతురి చేతిలో పెట్టింది. "నిజం చెప్పనా? నాకూ ఇవి సరిగ్గా రావే. ఎవరికీ చెప్పలేక ఊరుకున్నా. నువ్వు నేర్చుకుని నాకు నేర్పవూ?"

మీట నొక్కినట్టు ఏడుపు ఆగిపోయింది. బుల్లి బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇల్లాలు కింద చాప మీద బోర్డు పట్టుకుని, రన్‌కి ఐఎన్‌జీ కలిపి ఒక్క ఎన్‌తో సరిపెట్టింది.

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు? పొట్టి అచ్చు, దాని తర్వాత ఒకే ఒక్క హల్లు. అప్పుడా హల్లు డబుల్ అవుతుంది! బుర్ర ఇంట్లో పెట్టొచ్చావా?"

"ఇంట్లోనే ఉన్నాం కదా టీచర్."

"ఎదురు చెప్పకు!"

ఆ మాటలన్నీ తనవేనని ఇల్లాలు గుర్తుపట్టింది. పాఠం మాత్రం జోరుగా సాగింది. ఎదురు బాల్కనీలో బట్టలారేస్తున్నావిడ నోట్లో కరిచిపెట్టుకున్న క్లిప్పుల్ని అలాగే ఉంచుకుని ఆసాంతం చూసింది.

బస్సు వెళ్లగానే ఆ ఎదురింటావిడ వచ్చేసింది. "వదినగారూ, ఇన్నాళ్లూ ఎంత బాధ దిగమింగుకున్నారండీ! పిల్ల చేత మాటలు పడాల్సొచ్చిందే!"

అసలు సంగతి ఇల్లాలి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆవిడ కొడుకూ బుల్లీ ఒకే క్లాసు. ఆవిడకు చెబితే వాడికి, వాడి నుంచి బుల్లికి చేరడానికి బస్సు ఎక్కినంత సేపు పట్టదు. నాటకమని తెలిస్తే బుల్లి స్కేలు పారేసి మళ్లీ ఏడుపు అందుకుంటుంది. శుక్రవారం దాకా ఓర్చుకోవాల్సిందే.

"ఏదో, ఇప్పుడిప్పుడే కూడబలుక్కుని చదువుతున్నానండీ" అంది ఇల్లాలు.

మధ్యాహ్నానికి మేడలో అందరూ ఆమెతో నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి మాట్లాడటం మొదలుపెట్టారు. లిఫ్టులో ఒకావిడ ఆమె దిగాల్సిన అంతస్తు బటన్ తానే నొక్కింది. మందుల షాపతను బిళ్లల పేరు పైకి చదివి వినిపించి, "గుర్తుంటుందామ్మా?" అన్నాడు.

మంగళవారం సాయంత్రం కింది అంతస్తు మాస్టారు దిగబడ్డారు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. "సిగ్గుపడకమ్మాయ్. నా సర్వీసులో నీకంటే మొద్దుల్ని చూశాను" అంటూ కుర్చీ లాక్కున్నారు.

బుల్లి అడ్డంగా నిలబడింది. "తాతగారూ, ఇది నా స్టూడెంటు."

"అలాగా! అయితే కీ అనే మాటకు బహువచనం చెప్పు చూద్దాం."

"వై ముందు అచ్చుంది కాబట్టి వైని కదపకూడదు. ఎస్ పెడితే చాలు."

"హోప్‌కి ఐఎన్‌జీ కలిపితే?"

"చివరి ‘ఈ’ ఎగిరిపోతుంది."

మాస్టారు ఇల్లాలి వైపు తిరిగారు. "విన్నావా? దాని పక్కనే ఉంటూ నీకిన్నాళ్లూ అంటలేదంటే ఆశ్చర్యంగా ఉంది." ఆ రోజు నుంచి ఆమెకు రెండు క్లాసులు. ఇద్దరు టీచర్లకూ వేర్వేరు తప్పులు చూపించాల్సి వచ్చేది. చదువుకున్న కాలంలో కూడా ఆమె ఇంత కష్టపడలేదు.

బుధవారం భర్తను మాస్టారు గేటు దగ్గరే పట్టుకున్నారు. అతను పైకొచ్చి, భోజనానికి కూర్చుని, అన్నం కలుపుతూ గొంతు తగ్గించాడు.

"ఏమీ అనుకోకు. పెళ్లప్పుడు ఎమ్మే అన్నారు కదా. అది రెగ్యులరా, కరస్పాండెన్సా?"

పక్కనే బుల్లి. ఇల్లాలు కూర గిన్నె కాస్త గట్టిగా కింద పెట్టింది. అతను దాన్ని కరస్పాండెన్స్ కిందే జమకట్టుకున్నాడు. గురువారం అత్తగారు ఫోన్ చేశారు. స్పీకర్ ఆన్‌లో ఉన్న సంగతి కొడుకు చూసుకోలేదు. "పోన్లేరా! ఇంగ్లీషు రాకపోతే ఏం, కోడలి మనసు మంచిది. నువ్వేం బయటపడకు" అన్నారావిడ.

శుక్రవారం బుల్లి బస్సు దిగి పరుగున వచ్చింది. ఒక్క తప్పూ లేదు. రిలే జట్టులో పేరు భద్రం. ఇల్లాలు కూతుర్ని ముద్దు పెట్టుకుని, గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. ముందు దీనికి చెప్పేసి, తర్వాత ఎదురింటికీ, కింది అంతస్తుకీ, చివరగా అత్తగారికీ చెప్పాలని వరస కూడా అనుకుంది.

"బుల్లీ, నీకో నిజం చెప్పాలి. నాకివన్నీ ముందే వచ్చు."

"తెలుసు."

"తెలుసా? ఎప్పట్నించి?"

"మొదటి రోజే. తప్పు రాసేముందు ప్రతిసారీ కళ్లు మూసుకునేదానివిగా."

"మరి చెప్పలేదేమే? ఊరంతా నన్ను చదువురానిదాన్ని చేసేసింది కదే!"

"చెప్తే మళ్లీ నువ్వే టీచరువైపోతావుగా!" అంది బుల్లి, బూట్లు విప్పుకుంటూ. "అమ్మా, వచ్చే వారం లెక్కల పరీక్షంట."

ఇల్లాలు ఎదురు బాల్కనీ వైపు ఒకసారి చూసింది. తర్వాత బాల్కనీలో చాప పరిచి, స్కేలు తెచ్చి కూతురికిచ్చింది.

ఆమెకు ఎక్కాలు కూడా రావన్న సంగతి చీకటి పడేలోపే మేడంతా తెలిసిపోయింది.