వాన వెలిసిన వేళ కిటికీ సమరం

ఏమని వర్ణించాలి ఆ గృహనాథుని వాయుశాస్త్ర పాండిత్యాన్ని! దశదిశలనూ కమ్మిన నీలమేఘమండలం నుండి జలధారలు సహస్రబాణాలై దిగివచ్చి, నగర గగనాన తిష్ఠవేసిన ధూళిరాక్షసుణ్ణి నేలకూల్చి కాలువల్లోకి ఈడ్చుకుపోతున్న ఆ పవిత్ర ముహూర్తంలో, నాలుగు రోడ్ల కూడలికి ఎదురుగా, రెండో అంతస్తులో, ఆ మహానుభావుడు చేసిన ఘనకార్యం ఏమిటయ్యా అంటే, సోఫా తడుస్తుందని కిటికీ బిగించడం! వాన వెలిసీ వెలవగానే, నీరు తాగి బిగుసుకున్న ఆ చెక్క తలుపును భుజబలంతో బార్లా తెరిచి, "ఆహా, కడిగిన గాలి!" అని ముక్కుపుటాలెగరేయడం!

"వాన పడేటప్పుడు తీయండి, ఆగాక మూయండి అని ఎన్నిసార్లు మొత్తుకున్నానూ?" అంది ఇల్లాలు, వంటింట్లోంచి తడిచేతులతో వచ్చి.

"చదువుకున్నదానివి, వానకి గాలి శుభ్రపడుతుందని తెలీదుటోయ్?"

"శుభ్రపడింది. రోడ్డు ఆగిపోయింది. కిందికి చూడండి."

చూశాడు. మోకాలి లోతు నీట ముందుకు పోలేక, వెనక్కి రాలేక, పరస్పర దూషణ హారన్‌ఘోష మిన్నుముట్టగా, ఇంజన్లు ఆపడం వీరధర్మం కాదన్నట్టు, ఉన్నచోటనే నిలిచి గుడగుడమంటున్న బస్సులూ, లారీలూ, ఆటోలూ అనే అపార శకటసేన వదిలిన ధూమం, అప్పుడే వాన ఊడ్చిపెట్టిన ఆకాశంలోకి కొత్త అద్దెదారులా దర్జాగా ఎక్కి, తిన్నగా రెండో అంతస్తు కిటికీలోకి ప్రవేశించింది.

కిటికీ పక్క మంచం మీద అత్తగారు. పది రోజులుగా దగ్గి దగ్గి, ఆ మధ్యాహ్నమే తొలిసారి కాస్త కునుకు పట్టిన ప్రాణం. ఖళ్ళుమంది. మళ్ళీ ఖళ్ళుమంది. ఊపిరి ఈలగా మారింది.

ఇల్లాలు కిటికీ మీదికి ఉరికింది. తలుపు చట్రానికి రెండు వేళ్ళ దూరంలో ఆగి, ఇక కదలనని మొరాయించింది. ఆమె తోసింది. గుద్దింది. మోచేయి మొద్దుబారింది.

'ఓరీ దారుకులాధమా! నా సోఫాను కాపాడితివని పొంగి నా అత్తగారి ఊపిరికే ఎసరు పెట్టెదవా? నిలు నిలు! నేటితో నీ ఉబ్బు దింపకున్న నేనీ ఇంటి కోడలినే కాను!' అని మనసులో గర్జించి, పైకి మాత్రం, "కాస్త రండి" అంది.

ఆయన భుజం ఆనించాడు. తలుపు చలించలేదు, భుజమే చలించింది.

"ఎండొస్తే అదే సర్దుకుంటుందిలే" అన్నాడు, తడుముకుంటూ.

"అప్పటిదాకా అత్తయ్యగారు ఊపిరి బిగబట్టుకుంటారా?"

అంతట ఆ వీరనారి స్నానాలగదిలోకి దూసుకుపోయి, అరిగి, సన్నబడి, ఎవరూ వాడక, ఎవరూ పారేయక ఒక మూల తపస్సు చేసుకుంటున్న సబ్బుముక్క అనే దివ్యాస్త్రాన్ని చేపట్టి వచ్చి, తలుపు అంచు పొడవునా, చట్రం లోపలా, కింది చెక్క మీదా బరబరా రుద్దింది.

"ఆ మూల పైకెత్తి పట్టుకోండి. 'ఊఁ' అన్నప్పుడు తొయ్యండి. ఇప్పుడు కాదు! ఊఁ!"

ధన్! గడియ పడింది. హారన్ల ఘోష దూరపు ఊరి జాతరలా సన్నగిల్లింది. చాలాసేపటికి మంచం మీద ఈల ఆగి, ఊపిరి మామూలుగా నడిచింది. ఈ విధంగా, ముల్లోకాలూ చూస్తుండగా, రెండు వేళ్ళ సందు జయింపబడింది.

అత్తగారు కళ్ళు తెరిచింది. "ఎవర్రా ఆ కిటికీ తెరిచింది?"

ఇల్లాలు సబ్బు చేతులు కొంగుకి తుడుచుకుంటూ మొగుడి వంక చూసింది.

"నేనేనమ్మా" అని ఆయన గొణిగాడు. "వాన పడేటప్పుడే తీయాల్సింది. తప్పు నాదే."

పక్కింట్లో గ్లాసు కిందపడితే చప్పుడు విని ఏ గ్లాసో చెప్పగల అత్తగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఏంటో, సరిగ్గా వినపడలేదురా. అమ్మాయ్, నీకు వినపడిందా?"

"లేదత్తయ్యా."

గృహనాథుడు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, గొంతు సవరించుకుని, కింద శకటసేనకు కూడా చేరేంతగా ఎలుగెత్తాడు:

"తప్పు నాదేనమ్మా!"