మా జనరేటర్ చేసిన మేలు

ఇంట్లో కరెంటు ఎప్పుడూ ఉండేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. స్విచ్ వేస్తారు, లైటు వెలుగుతుంది. అంతే! అందులో సస్పెన్స్ ఏముంది? మనిషి ప్రయత్నం ఏముంది? అలాంటి వాడికి ఇరుగుపొరుగుతో పనిలేదు, దేవుడితో పనిలేదు, స్క్రూడ్రైవర్‌తో అసలే పనిలేదు. ఆ మూడూ అక్కర్లేని బతుకూ ఒక బతుకేనా?

మనిషిని మనిషిగా నిలబెట్టేది పోర్టబుల్ జనరేటర్ అని సవినయంగా మనవి చేస్తున్నాను. నడిచే జనరేటర్ కాదు సుమండీ! అందులో గొప్పేముంది? నేను చెప్పేది ఆగిపోయిన జనరేటర్ గురించి. లోపలి పార్టు ఒకటి పాడై, ఆ పార్టు భూప్రపంచంలో ఎక్కడా దొరకక, పెరట్లో రేకు కింద తీరిగ్గా కూర్చున్న జనరేటర్ గురించి.

పోర్టబుల్ అంటే ఎక్కడికైనా మోసుకెళ్ళగలిగేదని కంపెనీ వాళ్ళు అట్టపెట్టె మీద రాశారు. కొన్న తర్వాత నాకు బోధపడింది, వాళ్ళ ఉద్దేశం మెకానిక్ దగ్గరికని. పెట్టె మీద నవ్వుతూ ఒక్క చేత్తో దాన్ని ఎత్తుకున్న మనిషి బొమ్మ కూడా ఉంది. ఆ మనిషి ఇప్పుడెక్కడున్నాడో, నడుము ఎలా ఉందో కనుక్కోవాలని నాకు చాలాసార్లు అనిపించింది.

ముందుగా ఆరోగ్యం సంగతి చూడండి. జనరేటర్‌కి తాడుంటుంది. లాగాలి. స్టార్టు కాదు. మళ్ళీ లాగాలి. చోక్ వేసి లాగాలి, తీసి లాగాలి, తిట్టి లాగాలి, బతిమాలి లాగాలి. ఈ వ్యాయామానికి జిమ్ముల్లో ఎంత గుంజుతారో మీకు తెలియంది కాదు. మొన్న చొక్కా కొలతలు తీసుకుంటూ టైలర్ ఆగిపోయాడు. కుడి చెయ్యి కొలిచి, ఎడమ చెయ్యి కొలిచి, మళ్ళీ కుడి చెయ్యి కొలిచి, "జనరేటరా సార్?" అన్నాడు. అవునన్నాను. తన కుడి చెయ్యి కూడా చూపించాడు. ఇద్దరం కాసేపు అన్నదమ్ముల్లా నిలబడ్డాం.

ఇక స్నేహాలు! మా వీధిలో ఒకరినొకరు "బాగున్నారా?" అని పలకరించుకోవడం ఎప్పుడో మానేశాం. "స్టార్టయిందా?" అంటాం. కాలేదంటే ఇంట్లోకి పిలిచి కూర్చోబెడతాం. అయిందంటే కొంచెం ముభావంగా ఉంటాం. ఎదురింటి ఇన్సూరెన్సాయన మెషీన్ పాడైనప్పుడు పరామర్శకి వెళ్ళిన వాళ్ళం, తిరిగి వచ్చేటప్పుడు దాని స్పార్క్ ప్లగ్ ఒకరం, ఎయిర్ ఫిల్టర్ ఒకరం, పెట్రోల్ ట్యాంకు మూత ఒకరం పట్టుకొచ్చాం. ఎలాగూ ఆగిపోయిందిగా! ఆయన కూడా ఏమీ అనుకోలేదు. ఆయన మెషీన్లో సగం పైగా మావే.

విజ్ఞానం మాటకొస్తే చెప్పనే అక్కర్లేదు. మా ఆవిడ పుట్టినరోజు నాకు గుర్తుండదు గానీ, ఇంజనాయిల్ మార్చిన తేదీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. వాడినా వాడకపోయినా వారానికోసారి జనరేటర్‌ని కాసేపు నడపాలి. వాడకుండా పెడితే ట్యాంకులో పెట్రోలు తీసేయాలి. తీయకపోతే అది కార్బురేటర్‌లో జిగురులా పేరుకుంటుంది. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. అవన్నీ తు.చ. తప్పకుండా చేశాను కూడా. అయినా పాడైంది. అందుకే అంటున్నాను, ఈ యంత్రం మనకి నిష్కామకర్మ కూడా నేర్పుతుందని!

సరే, ఇంతకీ మా మెషీన్‌కి ఏమొచ్చిందో, దానివల్ల మా ఇంటికి ఎంత మేలు జరిగిందో చెబుతాను.

మా ఆవిడ పళ్ళ డాక్టరు. ముందుగది ఆవిడ క్లినిక్. మా మామగారు రైలు గార్డుగా పనిచేసి రిటైరై, మాతోనే ఉంటున్నారు. ఒకనాటి మధ్యాహ్నం ఆయన దవడ పన్ను బాగుచేద్దామని కూతురు డ్రిల్లు మొదలుపెట్టింది. పన్ను సగం తొలిచేసరికి కరెంటు పోయింది. నేను పెరట్లోకి పరిగెత్తి తాడు లాగాను. జనరేటర్ ఒకసారి దగ్గి, పెట్రోలు నేలంతా కక్కి, ఊరుకుంది. విప్పి చూస్తే, కార్బురేటర్ గిన్నె కింద ఉండే రబ్బరు రింగు చిరిగిపోయింది.

మా ఆవిడ తండ్రి పంటిలో మందు దూది పెట్టి, పైన తాత్కాలికంగా సిమెంటుతో మూసి, చేతులు కడుక్కుంది. "స్టాండ్‌బై లేకుండా ఇంకెవరి నోరూ తెరిపించను. మళ్ళీ మధ్యలో ఆగితే నా పరువేం కాను?" అని క్లినిక్ తలుపు మూసేసింది. నిజమే మరి. మా కరెంటుకి పోయే వేళ, వచ్చే వేళ అంటూ ఏమీ లేవు. దాన్ని నమ్మి ఎవరి పన్ను తొలుస్తారు?

"ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్దాం రండి మామగారూ," అన్నాను. ఆయన బుగ్గ పట్టుకుని, "కూతురు పళ్ళ డాక్టరై ఉండగా నేను ఇంకొకళ్ళ కుర్చీ ఎక్కితే, దాని బోర్డు పీకి పొయ్యిలో పెట్టుకోవాలి అల్లుడుగారూ," అన్నారు. ఆ తర్వాత ఆయన ఒకవైపే నమిలారు. తర్వాత నమలడం మానేసి తాగారు. తర్వాత మూలగడం మొదలుపెట్టారు. ఇంట్లో ఎంత ప్రశాంతత! టీవీ లేదు, పేషెంట్లు లేరు, మామగారి రైల్వే కబుర్లు లేవు.

నేను రింగు కోసం బయల్దేరాను. రింగు విడిగా రాదు, మొత్తం కార్బురేటరే కొనాలన్నారు. సరే, ఇవ్వండన్నాను. ఈ మోడల్‌కి కార్బురేటర్ విడిగా రావడం ఆగిపోయింది, ఇంజనే కొనాలన్నారు. ఇంజనివ్వండన్నాను. ఈ మోడలే ఆగిపోయిందన్నారు. కొత్తది కొనొచ్చు కదా అంటారా? అయ్యా, కొన్నాం. ఆ కొత్తదే ఇది! పాతదానికి పార్టులు దొరకడం లేదనే దీన్ని కొన్నాం.

పాత చెప్పు కోసి నేనే ఒక రింగు తయారుచేశాను. చూడముచ్చటగా వచ్చింది. పెట్రోలు తగలగానే అది అప్పడంలా ఉబ్బి, గిన్నె దాటి బయటికొచ్చి, నా వంక చూసింది. మా ఆవిడ కూడా నా వంక చూసింది. రెండో చెప్పు దాచేసింది.

చివరికి బస్టాండు వెనక సందులో ఒక స్పేర్ పార్టుల షాపుందని తెలిసింది. వెళ్ళాను. లోపల పైకప్పు నుంచి బెల్టులు, కేబుళ్ళు, సైలెన్సర్లు వేలాడుతున్నాయి. కౌంటర్ ముందు పెద్దమనుషులు చచ్చిపోయిన పార్టుల్ని ప్లాస్టిక్ కవర్లలో పట్టుకుని, రిపోర్టుల కోసం వచ్చిన వాళ్ళలా నిశ్శబ్దంగా కూర్చున్నారు. నా వంతు వచ్చేసరికి షాపాయన నా కార్బురేటర్‌ని వెలుతురుకి పట్టి చూసి, లోపలికెళ్ళి, దుమ్ము ఊదుకుంటూ కొత్త కార్బురేటర్ డబ్బా ఒకటి తెచ్చాడు.

"మీ అదృష్టం సార్! ఒక్కటే మిగిలింది. ఇంక రాదు," అన్నాడు.

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెయ్యి చాపాను. సరిగ్గా అప్పుడే నా పక్కనుంచి ఇంకో చెయ్యి వచ్చింది. ఆ చేతి కవర్లో అచ్చం నాదానిలాంటి కార్బురేటరే ఉంది.

"మీదీ అదే మోడలా?" అన్నాను.

"మాదీ అదేనండీ! రింగు పోయిందా? మాదీ రింగే!" అన్నాడాయన, తప్పిపోయిన తమ్ముడు దొరికినట్టు.

ఎవరనుకున్నారు? సాక్షాత్తూ మా కరెంటాఫీసు ఇంజనీరుగారు! అటెండర్ని పంపిస్తే ప్రతిసారీ వేరే మోడల్‌ది తెస్తున్నాడని స్వయంగా వచ్చారట.

"కరెంటాఫీసుకి జనరేటరెందుకండీ?" అన్నాడు షాపాయన.

"భలేవారే! కరెంటు పోతుంది కదండీ! పోయినప్పుడే కదా జనం కంప్లైంటు ఫోన్లు చేసేది? మా ఫోన్లు నడవాలంటే కరెంటుండాలి. జనరేటర్ ఆగిన దగ్గర్నుంచీ ఒక్క కంప్లైంటు కూడా తీసుకోలేకపోతున్నాం. ఎంత బాధగా ఉందో!" అన్నారు ఇంజనీరుగారు.

ఆయన బాధ చూసి నా మనసు కరిగింది. ఒకవైపు మా మామగారి పన్ను, మరోవైపు ఊరందరి కంప్లైంట్లు! బాధ్యతగల పౌరుణ్ణి. డబ్బా ఆయన చేతిలో పెట్టాను. ఆయన నన్ను కావలించుకున్నారు. పక్క కొట్లో టీ తాగుతూ ఆయిల్ గురించి, ప్లగ్గుల గురించి, తాడు తెగితే ఏ తాడు వాడాలన్న దాని గురించి మనసు విప్పి మాట్లాడుకున్నాం. మీ కార్బురేటర్ సంగతి మా ఆఫీసు తరఫున కంపెనీకే గట్టిగా రాయిస్తానని ఆయన మాటిచ్చారు. ఈ లోపల ఏ అవసరమొచ్చినా మా ఆఫీసు మీదే అనుకోండన్నారు.

నేను విజయగర్వంతో ఇంటికొచ్చి అంతా చెప్పాను. మా ఆవిడ విని, "కరెంటాఫీసు ఇంజనీరుతో కూర్చుని టీ తాగారు," అంది.

"అవును. చాలా మంచి మనిషి."

"కరెంటెందుకు పోతోందో అడిగారా?"

నిజం చెబుతున్నాను, ఆ సంగతి నాకు తట్టనే లేదు! ఆయనకీ తట్టలేదు. షాపులో కూర్చున్న అంతమంది పెద్దమనుషుల్లో ఎవరికీ తట్టలేదు.

మంచం మీద నుంచి మామగారు లేచారు. "నేనడుగుతాను," అన్నారు బుగ్గ పట్టుకునే. "రైల్లో ఒక్క బోగీ చక్రం తేడాగా మోగినా ఎర్రజెండా ఊపి బండి ఆపినవాణ్ణి. నన్ను తీసుకెళ్ళండి."

మా ఆవిడకి అప్పుడే ఆలోచన వచ్చింది. క్యాంపులకి తీసుకెళ్ళే పెట్టెలో చిన్న డ్రిల్లు, చిన్న కంప్రెసర్ ఉన్నాయి. లేనిదల్లా ఆగని కరెంటు. ఊళ్ళో అదున్న చోటు ఇప్పుడొక్కటే! మర్నాడు ముగ్గురం పెట్టెతో సహా కరెంటాఫీసుకి వెళ్ళాం. ఇంజనీరుగారు ఎదురొచ్చి, తన సొంత కుర్చీ మామగారికి ఇచ్చారు. కిటికీ అవతల జనరేటర్ నా కార్బురేటర్‌తో హాయిగా నడుస్తోంది. లోపల ఫ్యాను తిరుగుతోంది. అలా తిరిగే ఫ్యానుని చూసి ఎన్నాళ్ళయిందో!

మామగారు అడగబోయారు. "ముందు నోరు తెరు నాన్నా, మళ్ళీ ఆ జనరేటర్ ఏమంటుందో!" అంది మా ఆవిడ. మత్తు ఇంజెక్షన్ ఇచ్చింది. డ్రిల్లు మోగింది. కంప్లైంటివ్వడానికి లైన్లో నిలబడ్డ జనం తలుపులోంచి తొంగిచూశారు. "పళ్ళు కూడా ఇక్కడే చూస్తున్నారా? మంచి పని చేశారు," అని ఒకాయన మెచ్చుకుని, ఆ లైను వదిలి ఈ లైన్లోకొచ్చాడు. ఇదైతే కదులుతుందని ఆయన ఆశ. మా ఆవిడ కళ్ళు మెరిశాయి. క్లినిక్ మూతపడ్డాక ఆవిడ మొహంలో వెలుగు చూడటం అదే మొదటిసారి.

పన్ను నిండింది. దూది కొరకమని, కాసేపు మాట్లాడొద్దని చెప్పి ఆవిడ చేతులు తుడుచుకుంది. మామగారు ఆగలేదు. లేచి నిలబడి, ఇంజనీరుగారి ఎదురుగా వెళ్ళి, సగం నాలుకతో, "కవెంతు ఎంతుకు ఓతోంతి?" అన్నారు.

ఇంజనీరుగారికి అర్థం కాలేదు. ఆయన చేతిలో ఫోనుంది. మా కార్బురేటర్ గురించే కంపెనీ వాళ్ళతో మాట్లాడబోతున్నారు. నంబరు కలుపుతూ నా వైపు తిరిగి, "పెద్దాయన ఏమంటున్నారండీ?" అన్నారు.

ఆ గదిలో ఆ ప్రశ్న అర్థమైంది నాకూ మా ఆవిడకీ మాత్రమే. ఆవిడ నా వంక చూసింది. తర్వాత ఆ కుర్చీ వంక, వెనక లైన్లో నిలబడ్డ కొత్త పేషెంటు వంక చూసి, తల వంచుకుని పెట్టె సర్దుకుంది. నేను ఫోను వంక చూశాను.

"మీ జనరేటర్‌కి ఆయిల్ ఎన్నాళ్ళకోసారి మారుస్తారని అడుగుతున్నారు సార్!" అన్నాను.

ఇంజనీరుగారి మొహం విప్పారింది. "చూశారా, ఈ వయసులో కూడా ఎంత శ్రద్ధ!" అంటూ ఆయిల్ గురించి చెప్పడం మొదలుపెట్టారు. చాలాసేపు చెప్పారు. మామగారు ఆయన వంక చూడలేదు. దూది కొరుకుతూ నన్నే చూస్తూ నిలబడ్డారు.

కార్బురేటర్ వచ్చింది. మా జనరేటర్ భేషుగ్గా నడుస్తోంది. క్లినిక్ తెరిచాం. మామగారు రెండు వైపులా నములుతున్నారు, నాతో మాత్రం మాట్లాడటం లేదు. కరెంటు ఎప్పటిలాగే పోతోంది. ఆయన నాలుకకి పట్టిన మొద్దు సాయంత్రానికల్లా వదిలింది. నాకైతే ఆ రోజు ఇంజెక్షన్ కూడా ఎవరూ ఇవ్వలేదు.