జయానందం మనవి, వాహెద్ షెడ్డు

శనివారం పొద్దున జయానందం వేసుకున్న పథకం చాలా చిన్నది. వ్యాన్‌ను మెకానిక్ వాహెద్ షెడ్డుకు తోలాలి, బాగు చేయించాలి. ఆదివారం గుడిలో ఆరాధన కాగానే నర్సాపూర్ వెళ్ళి, భార్య రాహేలును ముందు సీట్లో కూర్చోబెట్టుకుని మెదక్ తీసుకురావాలి. పెళ్ళిళ్ళకు కిరాయికి తిరిగే ఆ పాత వ్యాన్‌లో ముందు సీటు అన్నాళ్ళు ఖాళీగా ఉండటం అదే మొదలు.

కూతురు నిస్సి పురుటికని రాహేలు నర్సాపూర్ పోయింది. మనవరాలికి పళ్ళు కూడా వచ్చాయి గాని రాహేలు మాత్రం రాలేదు. పోయేటప్పుడు నర్సాపూర్ అడవి మధ్యలో వ్యాన్ పొగ కక్కి ఆగిపోయింది. కోతులు అరటిపళ్ళ సంచి ఎత్తుకుపోతుంటే ఆమె, "గీ ఇంజన్ బాగైన్నాడే మల్ల నీ బండి ఎక్కుత" అని తెగేసి చెప్పింది. కోపంలో అన్న మాటను ఆయన ఒట్టులా పట్టుకున్నాడు. అలవాటు కొద్దీ ఇద్దరికీ చాయ్ పెట్టి, ఒక గ్లాసు పారబోసుకుంటూ నెలలు గడిపాడు. ఇల్లు బోసిపోయింది. ఫోన్‌లో "తిన్నవా?" "తిన్న" అనుకోవడమే. రమ్మని ఆయన అనడు, వస్తానని ఆమె అనదు.

వాహెద్ ఇంజన్ విప్పి చూసి పెదవి విరిచాడు.

"అన్నా, పిస్టన్ ఆడే బోర్ మొత్తం అరిగింది. రెండు తొవ్వలున్నయ్. హైదరాబాద్ పంపి బోర్ కొట్టించి, కొత్త పిస్టన్లు ఏస్తే రాయి లెక్క ఉంటది. కాని మస్తు దినాలు పడ్తది. లేదంటే ఇంకో బండి ఇంజన్ దింపి దీంట్ల పెడ్త, జల్ది అయిపోతది."

"గట్లనే చెయ్యి మరి."

"చేస్త. గాని దాని లోపల ఏమున్నదో అల్లాకే ఎరుక. ఏడ ఆగినా నన్ను అనొద్దు."

జయానందం కళ్ళ ముందు కోతులు మెదిలాయి. తొందరగా తేవాలంటే నమ్మకం లేదు, నమ్మకంగా తేవాలంటే అన్ని రోజులు ఆగే ఓపిక లేదు. ఎటూ తేల్చుకోలేక ఆ సాయంత్రం రెబెకా ఇంట్లో జరిగే ప్రార్థన కూడికకు వెళ్ళాడు. రెబెకా రిటైరైన నర్సు. వాడలో ఎవరు దగ్గినా ఆమెకు చెప్పే దగ్గాలి.

ఆ కూడికలో ఒక మర్యాద ఉంది. పైకి చెప్పలేని బాధ ఉన్నవారు లేచి "మనసుల మనవి" అంటే చాలు. ఏమిటని ఎవరూ అడగకూడదు. అడగకూడదు గనుక ఎవరికి తోచింది వారు అనుకుంటారు. ఇంజన్ కోసం ప్రార్థన అంటే నవ్వుతారని జయానందం కూడా ఆ రెండు మాటలే అన్నాడు. అనేటప్పుడు ఖాళీ సీటు గుర్తొచ్చి గొంతు పూడుకుపోయింది.

రెబెకాకు ఆ గొంతు చాలు. "గుండెనే," అని పక్కామెతో గుసగుసలాడింది. "నేను మస్తు మందిని చూసిన. గట్ల గొంతు పట్టుకున్నదంటే గుండెనే."

ఆదివారం గుడి విడిచేసరికి ఆ గుండెకు రెండు చోట్ల అడ్డం ఏర్పడింది. మధ్యాహ్నానికి ఆపరేషన్ ఖాయమైంది. బత్తాయిలు, ఉప్పు లేని పప్పు పట్టుకుని జనం వరస కట్టారు. ఒంటరిగా ఉన్నాడని జాలిపడి వచ్చారనుకుని జయానందం కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కళ్ళనీళ్ళు చూసి వాళ్ళూ ఏడ్చారు. రోగికి విశ్రాంతి కావాలని రెబెకా, ఆయనకు చెప్పకుండానే ఆయన ఫోన్ ఆపేసి తన సంచిలో వేసుకుపోయింది.

మనవి సంగతితో సహా కబురు నర్సాపూర్ చేరింది. రాహేలు ఎన్నిసార్లు ఫోన్ చేసినా కలవలేదు. సోమవారం పొద్దున మనవరాలిని నిస్సి అత్త చేతిలో పెట్టి, కిక్కిరిసిన బస్సులో నిలబడి మెదక్ వచ్చింది. నేరుగా దవాఖానకు పోయి వార్డు వార్డు వెతికింది. ఎక్కడా లేడు. ఇంటికి తాళం. చివరికి ఎవరో చెబితే షెడ్డుకు పరుగెత్తింది.

అక్కడ వాహెద్ తల పట్టుకుని కూర్చున్నాడు, అన్న ఎటూ తేల్చడం లేదన్న విసుగుతో. పక్కన వ్యాన్ కింద నుంచి రెండు కాళ్ళు బయటకు ఉన్నాయి. కదలడం లేదు.

"ఓ ప్రభువా! నన్నిడిసి పోయినవా!"

అన్నాళ్ళకు ఎదురుగా విన్న ఆ గొంతుకు జయానందం, ఇంజన్ వంక చూస్తూ తాను వ్యాన్ కింద పడుకుని ఉన్న సంగతి మరిచి లేచి కూర్చోబోయాడు. నుదురు పగిలింది.

దవాఖానలో కుట్లు వేస్తుండగా రెబెకా గుంపుతో సహా వచ్చి, కట్టు చూసి, "నేను చెప్పలే?" అంది. గుండె జబ్బుకు నుదుటికి కట్టెందుకని ఎవరూ అడగలేదు, మర్యాద కాదు గనుక.

ఇంటికి వచ్చాక రాహేలు తలుపు గడియ పెట్టి అడిగింది. "నిజం చెప్పు. ఏం మనవి పెట్టినవ్?"

"ఇంజన్ గురించి."

"ఇంజన్ గురించా! గా బస్సుల నా పానం పోయిందయ్యా!"

"నిన్ను తోల్కరానీకే ఇంజన్," అన్నాడు జయానందం తల వంచుకుని. "నువ్వు లేక నాకు మస్తు కష్టంగున్నది రాహేలు. ఒక్కన్ని ఉండలేకపోతున్న."

"గా ముక్క ఫోన్ల అంటే ఏమాయె?" అని ఆమె కొంగుతో కళ్ళొత్తుకుని చాయ్ పెట్టడానికి లేచింది. పొయ్యి దగ్గర్నుంచి, "మనవరాలు నా కోసం చూస్తుంటది. గాని మల్ల బస్సు ఎక్కనే ఎక్క. బండి బాగైనంక నువ్వే దింపిరావాలె. గప్పటిదాక ఉంట," అంది.

ఆ రోజు ఇంట్లో రెండు గ్లాసులూ ఖాళీ అయ్యాయి.

మరునాడు తెల్లారగానే జయానందం కట్టుతోనే షెడ్డుకు వెళ్ళాడు. "బోరే కొట్టియ్యి వాహెద్ భాయ్. ఏం తొందర లేదు. హైదరాబాద్‌ల గిరాకీ ఎక్కువుంటే నడువనియ్యి, మనది ఆఖరికి చేయనియ్యి."

వాహెద్ ఆయన్ను వింతగా చూశాడు. "ఇద్దరూ మాట్లాడుకునే వస్తున్నరా ఏంది? ఇందాక పాలకు పోతూ వదినె వచ్చింది. జల్ది చేసినవంటే మంచిగుండదన్నది. మీ అన్నకు చెప్పకు అని కూడ అన్నది."

ఆ ఊళ్ళో బండి బాగుచేయకుండానే మొగుడూ పెళ్ళాలిద్దరి మెప్పూ పొందిన మెకానిక్ వాహెద్ ఒక్కడే.