ఒకటో నంబరు డబ్బా

ఆ ఆదివారం సారంగపాణి పెట్టుకున్న పనులు చాలా సులువైనవి. పదింటికి ఫోన్ లైవ్‌లో కళ్లకు గంతలు కట్టుకొని, ఖరీదైన సింథసైజర్ ఏదో, చవకది ఏదో విని చెప్పాలి. ఓడినదాన్ని నీళ్ల డ్రమ్ములో ముంచించాలి. ఆ తర్వాత భోంచేసి, ఒక కునుకు తీసి, సాయంత్రం హసన్‌పర్తిలో ఒక పెళ్లి రిసెప్షన్‌లో వాయించాలి.

హన్మకొండలో మేడ మీద సంగీతం క్లాసులు నడిపే సారంగపాణికి చవక వాయిద్యాలంటే రోత. పైసలు లేనివాళ్లు సంగీతం జోలికి రావడమే ఆయన దృష్టిలో ఒక రకం అపస్వరం. ఆయన మొదటి గిటారు మెడ ఎండకు వంగిపోతే దానిమీదే ఆరేళ్లు వాయించాడు. ఆ సంగతి మాత్రం శిష్యులకు చెప్పడు. ఇప్పుడున్న సింథసైజర్ జపాన్‌ది. అందులో నాలుగు వందల శబ్దాలున్నాయి. పదకొండేళ్లలో ఆయన వాడినవి మూడు.

స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చే శిష్యురాలు కావ్య, కిందటి వారం ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న చవక సింథసైజర్‌ను సంబరంగా పట్టుకొచ్చింది. సారంగపాణి దాన్ని ఒక వేలితో నొక్కి, ఆ వేలు తుడుచుకున్నాడు.

"ఇది వాద్యం కాదమ్మా. డబ్బా. దీని మీద నేర్చుకుంటే నీ చెవులు కరాబైతయ్."

కావ్య మొహం చిన్నబోయింది. వెంట వచ్చిన ఆమె తండ్రి గట్టయ్య పత్తి రైతు. ఆయనకు నిజంగానే ఒక అనుమానం వచ్చింది.

"సార్, కండ్లు మూసుకుంటే గూడ గీ తేడా తెలుస్తదా?"

గట్టయ్య అడిగింది తెలుసుకుందామనే. సారంగపాణికి అది సవాలులా వినిపించింది. అక్కడికక్కడే తన ఛానెల్లో ప్రకటన పెట్టేశాడు. ఓడినది నీళ్లపాలు అని కూడా చేర్చాడు. గట్టయ్య కాదనలేకపోయాడు. చదువు చెప్పే మనిషి మాట కొట్టేసే అలవాటు వాళ్లింట్లో లేదు.

ఆదివారం హాల్లో బల్ల మీద రెండు సింథసైజర్లూ పక్కపక్కనే కొలువుదీరాయి. సారంగపాణి గంతలు కట్టుకున్నాక, ఆయన భార్య రమ రెండింటికీ ఒకే రకం దుప్పట్లు కప్పి, వాయించే మెట్లు మాత్రం కనబడేలా ఉంచి, ఒకటి, రెండు అని చీటీలు అంటించింది. తన చెయ్యి తగిలితే తెలిసిపోతుంది కాబట్టి సారంగపాణి కావ్యనే వాయించమన్నాడు. బిడ్డ పెట్టె మునుగుతుంటే చూడలేనని గట్టయ్య ముందే వరండాలోకి వెళ్లి డ్రమ్ము పక్కన కూర్చున్నాడు.

"ఎవ్వరు నోరు తెరవద్దు. హింట్ ఇచ్చినట్టయితది," అని సారంగపాణి హెచ్చరించాడు.

కావ్య ఒకటో నంబరు మీద మోహన రాగం వాయించింది. సారంగపాణి మూతి వంకర తిప్పాడు. రెండో నంబరు మీద అదే వాయించింది. ఆయన గుండె మీద చెయ్యి వేసుకొని నిట్టూర్చాడు.

"ఒకటోది రేకుల షెడ్డు మీద వానపడ్డట్టున్నది. గదీ మీ డబ్బా! రెండోది విన్నరా? తేనె! జపాన్ తేనె!"

రమ ఒకడుగు ముందుకు వేసింది. "ఏమండీ, ఇంకోపారి వినుండ్రి. అది మన..."

"హింట్ ఇయ్యద్దన్ననా? మా ఇంటామెకు మనసు మెత్తన," అని ఆయన ఫోన్ వైపు తిరిగి నవ్వాడు.

కావ్య ఒకటో నంబరుకు చెయ్యి అడ్డం పెట్టింది. "సార్, ఒకటోది ముంచకుండ్రి. అది మీదే సార్!"

"గురుదక్షిణ కింద నాకిచ్చేస్తే ముంచకుండ ఊకుంటననుకున్నవా? గా డబ్బా నాకెందుకమ్మా? గట్టయ్యా! ఒకటోది పట్టుకపో!"

గట్టయ్య తల వంచుకొని లోపలికి వచ్చాడు. చీటీ చూసి, దుప్పటితో సహా పెట్టెను చుట్టేసి ఎత్తుకున్నాడు.

"నాయినా, అది మనది కాదే!" అని కావ్య అరిచింది.

"మనది కాదనుకుంటెనే బిడ్డా, చెయ్యాడుతది," అని గట్టయ్య కళ్లు తుడుచుకుంటూ నడిచాడు.

వెనకాల వేలాడుతున్న వైరు సాకెట్ నుంచి ఊడి, గిటారు స్టాండుకు చుట్టుకుంది. స్టాండు ఒరిగి సారంగపాణి ఖరీదైన గిటారు ఫోన్ మీద పడింది. గిటారు మెడ విరిగింది. ఫోన్ బోర్లా పడింది. తెర నల్లబడింది కానీ లైవ్ ఆగలేదు. వరండాలోంచి గుడగుడమని శబ్దం వచ్చింది.

సారంగపాణి విజయగర్వంతో గంతలు విప్పాడు. దుప్పటి తీసి చూస్తే బల్ల మీద కావ్య డబ్బా నిక్షేపంగా ఉంది. ఒక్క ఉరుకులో వెళ్లి డ్రమ్ములో భుజం దాకా చెయ్యి పెట్టాడు.

"గట్టయ్యా! ఇది నాదయ్యా!"

గట్టయ్య బిత్తరపోయాడు. "రేకుల షెడ్డన్నది మీరే గద సార్?"

ఆ తర్వాత సారంగపాణి పెట్టిన శోకాలు పావుగంట సేపు లైవ్‌లో వెళ్లాయి. ఆయన సంగీతాన్ని ఏనాడూ అంతమంది వినలేదు.

జపాన్ యంత్రాన్ని ఎండకు పెట్టారు, బియ్యం బస్తాలో పాతిపెట్టారు. మూడింటికి మెట్టు నొక్కితే ఒక బుడగ మాత్రం వచ్చింది. సాయంత్రం రిసెప్షన్ ఉందని సారంగపాణికి అప్పుడు గుర్తొచ్చింది. కావ్యను నేరుగా అడగడానికి అభిమానం అడ్డొచ్చి రమ చేత అడిగించాడు.

"ఇస్తం తియ్యమ్మా. పిల్ల గూడ వస్తది," అన్నాడు గట్టయ్య.

హసన్‌పర్తి స్టేజీ మీద సారంగపాణి ఆ డబ్బా ముందు మహారాజులా కూర్చున్నాడు. వయొలిన్ అనుకొని ఒక మీట నొక్కి, రెండు చేతులూ వేశాడు. ఎనిమిది కుక్కలు ఒక్కసారిగా మొరిగాయి. పెళ్లికూతురు ఉలిక్కిపడింది. కంగారులో ఇంకో మీట నొక్కితే పోలీసు సైరన్ మోగింది. మగపెళ్లివారిలో ఇద్దరు లేచి గేటు వైపు నడిచారు.

"సార్, జర జరుగుండ్రి," అని కావ్య మెల్లగా కుర్చీలో కూర్చుంది.

రెండు గంటలు ఆపకుండా వాయించింది. జనం పళ్లేలు పట్టుకొని స్టేజీ దగ్గరికి వచ్చేశారు. వాయించడానికి గిటారు కూడా లేని సారంగపాణి, పక్కన నిలబడి తలాడిస్తూ ఉండిపోయాడు.

ప్రోగ్రాం అయ్యాక పెళ్లికొడుకు మేనమామ రాంప్రసాద్ వచ్చి, వచ్చే నెల తమ ఇంట్లో ఫంక్షన్‌కు రమ్మని కావ్య ఫోన్ నంబరు రాసుకున్నాడు. తర్వాత సారంగపాణిని ఎగాదిగా చూశాడు.

"మరి ఈ సార్ ఏం వాయిస్తరు?"

పెట్టెను భుజానికెత్తుకుంటున్న గట్టయ్య, ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు.

"సార్ వాయించరు. వింటరు."